చేపల ట్యాంక్‌కి కొత్త కెనిస్టర్ ఫిల్టర్ పెట్టి నాలుగు రోజులైంది, అమోనియా జీరో చూపిస్తోంది, పాత ఫిల్టర్ పీకేయొచ్చా?

వేళచ్చేరి_కాపురం:
అందరికీ నమస్తే. మాది నెల్లూరు, ఉద్యోగం చెన్నైలో, వేళచ్చేరిలో ఉంటాం. హాల్లో మూడడుగుల ట్యాంక్ ఉంది, గులకరాళ్ళు అవీ పోను నీళ్ళు ఒక 130 లీటర్లు ఉంటాయి. చేపలు ఏంజెల్స్ 4, మాలీలు 6, కోరీలు 5. రెండేళ్ళ నుంచి ట్యాంక్ అంచుకి తగిలించే హ్యాంగాన్ ఫిల్టరే నడుస్తోంది, ఏ ప్రాబ్లమ్ లేదు, కానీ ఈమధ్య రాత్రిళ్ళు గరగరమని ఒకటే సౌండ్. హాల్లో పడుకునేది మా అమ్మ, "ఆ మిక్సీ ఆపరా నాయనా" అని రోజూ గొడవ. ఇక లాభం లేదని పోయిన ఆదివారం కొళత్తూర్ రంగుచేపల మార్కెట్‌కి వెళ్ళి కెనిస్టర్ ఫిల్టర్ (ట్యాంక్ బయట పెట్టే మూతడబ్బా, పైపులతో నీళ్ళు తిరుగుతాయి) తెచ్చా. షాపాయన పాతది తీసేసి ఇది పెట్టేయండి, ఒణ్ణుం ఆగాదు సార్ (ఏమీ కాదు సార్) అన్నాడు. నాకెందుకో డౌట్ కొట్టి రెండూ ఆన్‌లోనే ఉంచా. ఇవాళ్టికి నాలుగు రోజులు. ఏపీఐ వాటర్ టెస్ట్ కిట్‌తో చూస్తే అమోనియా 0, నైట్రైట్ 0, నైట్రేట్ 20 పీపీఎం (లీటర్‌కి మిల్లీగ్రాములు) దగ్గర, పీహెచ్ 8. నీళ్ళు అద్దంలా ఉన్నాయి, చేపలు హ్యాపీగా తింటున్నాయి. అంటే కొత్తది సైకిల్ అయిపోయినట్టే, అదే, అమోనియాని తినేసే బ్యాక్టీరియా అందులో పట్టేసినట్టే కదా? ఇవాళ రాత్రికి పాతది తీసేస్తే మా అమ్మ కూడా ప్రశాంతంగా పడుకుంటుంది.

పులుసు_బ్యాచ్:
నెల్లూరోడివై ఉండి చేపలకి మామిడికాయ ముక్కలు వెయ్యకుండా ఫిల్టర్లు పెడుతున్నావా, ఊళ్ళో తెలిస్తే పరువు పోద్ది.

పెరంబూర్_పాతకాపు:
తియ్యొద్దు తమ్ముడూ. ఆ జీరో నీ పాత ఫిల్టర్ తెచ్చిన జీరో, కొత్తదానికి అందులో వాటా ఎంతో ఆ కిట్ చెప్పలేదు. పాత వంటామె వంట చేస్తుండగానే కొత్తామెని పెట్టుకుని, నాలుగు రోజులు అందరి కడుపు నిండింది కాబట్టి కొత్తామెకి వంట వచ్చు అనుకున్నట్టుంది ఇది. పాతామెని మానిపించిన రోజు తెలుస్తుంది అసలు సంగతి.

చేపలు మొప్పల నుంచి అమోనియా వదుల్తూనే ఉంటాయి, తినగా మిగిలిన మేత కుళ్ళినా అదే. దాన్ని ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్‌గా మారుస్తుంది, నైట్రైట్‌ని ఇంకో రకం నైట్రేట్‌గా మారుస్తుంది, ఆ నైట్రేట్‌ని మనం వారం వారం నీళ్ళు మార్చి బయటికి పంపిస్తాం. నీకు నైట్రేట్ 20 వస్తోందంటే ఆ పని జరుగుతున్నట్టే, కాకపోతే జరుగుతోంది పాత స్పాంజ్ మీద. చాలామంది ఈ బ్యాక్టీరియా నీళ్ళలో తిరుగుతుంది అనుకుంటారు, పాత నీళ్ళు దాచిపెట్టి పోస్తారు కూడా, దాంట్లో ఉండేది చాలా తక్కువ. అదంతా స్పాంజ్‌కి, రాళ్ళకి, గాజుకి జిగటగా పట్టుకుని బతుకుతుంది. పైగా మహా బద్ధకం దానికి. పాలు తోడేసే బ్యాక్టీరియా రాత్రికి రాత్రి గిన్నెడు పెరుగు చేసేస్తుంది, ఇది రెట్టింపు అవ్వడానికే ఇంచుమించు రోజు పడుతుంది. ఇంకోటి, ఉన్న అమోనియాలో ఎక్కువ భాగం పాత స్పాంజ్ తినేస్తుంటే కొత్తదాంట్లో పెరగడానికి తిండి ఏది? అందుకే నాలుగు రోజులు కాదు, నాలుగు నుంచి ఆరు వారాలు రెండూ కలిపి నడుపు. అమ్మకి చెవుల్లో దూది పెట్టు.

కోరీ_అక్క:
పాతకాపు గారు చెప్పింది కరెక్టే కానీ ఆరు వారాలు ఆగక్కర్లేదండి, బ్యాక్టీరియా ఉన్నది స్పాంజ్‌లో అయితే ఆ స్పాంజ్‌నే కెనిస్టర్‌లోకి తోసేస్తే సరిపోలా? మోటార్ ఏ కంపెనీదైనా దానికి సంబంధం లేదు కదా. నేను అడయార్‌లో ఉన్నప్పుడు ఇలానే చేశా, ఒక్క చేప పోలేదు.

పద్ధతి చెప్తా. ముందు ట్యాంక్‌లో నీళ్ళే ఒక బకెట్ తీసిపెట్టుకో, కుళాయి నీళ్ళు అస్సలు వద్దు. పాత స్పాంజ్ తీసి ఆ బకెట్లో వేసి, పైన గడ్డకట్టిన మట్టి పోయేలా మెల్లగా ఒకట్రెండు సార్లు నొక్కు, తెల్లగా వచ్చేదాకా పిండకు, అది బట్ట కాదు. కెనిస్టర్‌లో నీళ్ళు ముందు తగిలే ట్రేలో ముతక స్పాంజ్ ఉంటుంది చూడు, దాని తర్వాతి ట్రేలో సిరామిక్ రింగులు కొన్ని తీసి ఆ చోట్లో దీన్ని కూరేసెయ్యి. పట్టకపోతే కత్తెరతో ముక్కలు చేసుకో, ముక్కలైతే బ్యాక్టీరియాకి నొప్పేమీ పుట్టదు. పాత ఫిల్టర్‌లో రింగులు ఉంటే అవి కూడా ఒక నెట్ సంచీలో కట్టి వెయ్యి. ఇదంతా పదిహేను నిమిషాల్లో అయిపోవాలి, స్పాంజ్ ఆరకూడదు. షాపుల్లో కెనిస్టర్‌తో పాటు కార్బన్ ప్యాకెట్ ఇస్తారు, అది ఇప్పుడు పెట్టినా పెట్టకపోయినా ఒకటే, నేనైతే ఆ జాగా కూడా రింగులకే ఇస్తా.

కుళాయి నీళ్ళు ఎందుకొద్దంటున్నానంటే మెట్రో వాటర్‌లో క్లోరిన్ వేసి పంపిస్తారు, మన ఒంట్లోకి క్రిములు పోకుండా వేసేది స్పాంజ్‌లో ఉన్నవాటిని మాత్రం వదిలిపెడుతుందా. కండలేరు నుంచి పూండి దాకా మన కృష్ణ నీళ్ళే కదా అని ప్రేమగా పోసేయకండి, ఇక్కడ ప్లాంట్ దాటొచ్చేసరికి అందులో క్లోరిన్ కలిసే ఉంటుంది.

పెరంబూర్_పాతకాపు:
అక్క చెప్పింది నిజమే, అదే దగ్గరి దారి. నా భయం ఒకటే, మొత్తం ఒకేసారి మార్చాక కెనిస్టర్ ఏ కారణంతో ఆగినా చేతిలో ఇంకోటి ఉండదు. కెనిస్టర్ మూత బిగించిన డబ్బా, కరెంట్ పోతే రెండు మూడు గంటల్లో లోపల ఆక్సిజన్ అయిపోయి బ్యాక్టీరియా చావడం మొదలవుతుంది. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుఫాన్ వచ్చినప్పుడు మా వీధిలో రెండు రోజులు కరెంట్ లేదు, వచ్చీరాగానే నేను ఆత్రంగా కెనిస్టర్ ఆన్ చేసా, లోపల కుళ్ళిన నీళ్ళు కోడిగుడ్డు మురిగిన వాసనతో మొత్తం ట్యాంక్‌లోకి వచ్చాయి. పొద్దునకి ఏడు చేపలు పైకి తేలాయి. ముందు డబ్బా విప్పి ఆ నీళ్ళు పారబోసి, మీడియా (అదే, లోపలి స్పాంజ్, రింగులు) కడిగి పెట్టుంటే బతికేవి. అందుకని సగం సగం చెయ్యి తమ్ముడూ, స్పాంజ్ సగం కోసి కెనిస్టర్‌లో పెట్టు, మిగతా సగం పాత ఫిల్టర్‌లోనే నడవనీ, రెండు మూడు వారాలయ్యాక అది కూడా ఇందులోకి వేసెయ్యి.

వేళచ్చేరి_కాపురం:
ఇద్దరికీ థాంక్స్. మరి ఆ బాటిల్లో అమ్మే బ్యాక్టీరియా ఏమైనా పనికొస్తుందా? షాపాయన ఒకటి అంటగట్టాడు. ఇంకా ఇంట్లో కేన్ వాటర్ ఉంది కదా, క్లోరిన్ భయం లేకుండా అది పోసుకుంటే?

కోరీ_అక్క:
బాటిల్ బ్యాక్టీరియా కొన్ని పనిచేస్తాయి, కాదనను, కానీ ఏప్రిల్ నెలలో చెన్నై ఎండకి గోడౌన్‌లో, ఏసీ లేని షాపులో ఎన్ని నెలలు కూర్చుందో దానికే తెలియాలి. కొన్నావు కాబట్టి పొయ్యి, నష్టం లేదు, దాన్ని నమ్ముకుని మాత్రం పాత స్పాంజ్ పారేయకు.

కేన్ వాటర్ వద్దు. అది ఆర్వో నీళ్ళు, అందులో ఉప్పులు దాదాపు ఉండవు. ఈ బ్యాక్టీరియా అమోనియా తింటూ నీళ్ళలో క్షారాన్ని కూడా ఖర్చు పెడుతుంది, అది అయిపోతే పీహెచ్ దబ్బుమని పడిపోయి బ్యాక్టీరియా పని మానేస్తుంది. మీ కుళాయి నీళ్ళకి ఎటూ కాఠిన్యం ఎక్కువ, బాత్రూమ్ కుళాయికి తెల్లగా పేరుకుంటుంది చూడు, మనం తిట్టుకునే ఆ గారే ఇక్కడ పనికొచ్చేది. మాలీలకైతే ఆ నీళ్ళు పండగే.

వేళచ్చేరి_కాపురం:
అన్నా, అక్కా, కొంప మునిగింది. నిన్న సాయంత్రం పాతకాపు అన్న చెప్పినట్టే స్పాంజ్ సగం కోసి కెనిస్టర్‌లో పెట్టా, మిగతా సగం ట్యాంక్ నీళ్ళ బకెట్లో ఉంచి పాత ఫిల్టర్ మోటార్ కూడా ఒకసారి కడుగుదామని సింక్ దగ్గర పెట్టా, ఇంతలో ఆఫీస్ కాల్ వచ్చింది. గంటన్నర. వచ్చి చూస్తే బకెట్ ఖాళీ. మా అమ్మ ఆ స్పాంజ్ చూసి ఛీ ఇంత మురికేంట్రా అని గిన్నెల సబ్బు పెట్టి కుళాయి కింద రుద్ది రుద్ది, పచ్చగా కొత్తదానిలా చేసి, బాల్కనీలో తీగ మీద క్లిప్పు పెట్టి ఆరేసింది. రింగులు కూడా తళతళలాడుతున్నాయి. ఏమనాలి చెప్పండి, పాపం ఎంతో ప్రేమగా చేసింది. ఇవాళ పొద్దున అమోనియా 0.25, ఇప్పుడు రాత్రికి 0.5. నీళ్ళు కొంచెం పాలరంగు తిరిగాయి. ఏంజెల్స్ పైకొచ్చి మూతి తెరుస్తున్నాయి. షాప్ ట్యాంకుల్లో వాడిన మీడియా అడిగి తెచ్చుకోనా? చేపల్ని బకెట్లోకి మార్చనా?

పులుసు_బ్యాచ్:
అమ్మని ఒక్క మాట కూడా అనకు. తెలియక చేసింది.

పెరంబూర్_పాతకాపు:
కంగారు పడకు. బకెట్లోకి మార్చకు, బకెట్లో అసలు ఫిల్టరే ఉండదు, నీళ్ళు తక్కువ, అమోనియా ఇంకా త్వరగా పెరుగుతుంది. సగం స్పాంజ్ కెనిస్టర్‌లో బతికే ఉంది కదా, సున్నా నుంచి మొదలుపెట్టట్లేదు నువ్వు. గట్టిగా ఒక రెండు వారాల పని.

ఇప్పుడే సగం నీళ్ళు మార్చు. 0.5 ఉన్నది సగం మారిస్తే 0.25కి వస్తుంది, లెక్క అంతే. మార్చే నీళ్ళలో క్లోరిన్ తీసే మందు వెయ్యి, షాపులో హైపో గుళికలు అంటారు, తెల్ల పలుకుల్లా ఉంటాయి, అవైనా సరే. టైమ్ ఉంటే బకెట్లో ఎయిర్‌స్టోన్ వేసి ఒక రోజు పెట్టినా క్లోరిన్ పోతుంది, కానీ నీకిప్పుడు టైమ్ లేదు. మేత రెండు రోజులు పూర్తిగా బంద్, పెద్ద చేపలకి వారం తిండి లేకపోయినా ఏమీ కాదు, ఆ తర్వాత రోజు విడిచి రోజు చిటికెడు. మనం వేసే ప్రతి గింజా రేపటి అమోనియానే. ఎయిర్ పంప్ ఉంటే పెట్టు, లేకపోతే కెనిస్టర్ పైపు మూతి నీటి పైకి తిప్పి నీళ్ళు చిలికినట్టు పడేలా చెయ్యి, వేడి నీళ్ళలో ఆక్సిజన్ తక్కువ, పైగా ఈ బ్యాక్టీరియాకి కూడా అదే కావాలి.

నీ కేసులో జాగ్రత్త ఎందుకంటే నీ పీహెచ్ 8. కిట్ చూపించే అమోనియా అంతా విషం కాదు, అందులో కొంత భాగమే. 28 డిగ్రీల్లో పీహెచ్ 7 ఉంటే నూటికి ఒక వంతు కూడా ఉండదు ఆ విషం భాగం, అదే 8 అయితే ఆరేడు వంతులు. అంటే బెంగళూరులో మెత్తని నీళ్ళ మొక్కల ట్యాంక్ పెట్టుకున్న మా కజిన్ 0.5 చూసి నవ్వుకుని పడుకుంటాడు, నువ్వు పడుకోకూడదు. అలా అని పీహెచ్ తగ్గించే మందులు పొయ్యకు, పైకీ కిందకీ ఊగితే ఆ దెబ్బ వేరు. పొద్దున సాయంత్రం టెస్ట్ చెయ్యి, 0.25 దాటినప్పుడల్లా మూడో వంతు నీళ్ళు మార్చు.

పాలరంగు చూసి భయపడకు, అది వేరే బ్యాక్టీరియా విరగబడి పెరగడం, తనే పోతుంది. దాన్ని పోగొట్టాలని మొత్తం నీళ్ళు తోడేసి రాళ్ళు కడిగావో, అప్పుడు అసలైన కొంప మునుగుతుంది. ఆ గులకరాళ్ళ మీద కూడా మన బ్యాక్టీరియా ఉంది, ఇప్పుడు నిన్ను కాపాడేవాటిలో అదొకటి.

కోరీ_అక్క:
షాప్ నుంచి మీడియా తెచ్చుకోవద్దండి. ఆ ట్యాంకుల్లో వారానికో లోడ్ దిగుతుంది, తెల్ల మచ్చల రోగం ఫ్రీగా వస్తుంది. నమ్మకమైన వాళ్ళింట్లో ఆరోగ్యంగా ఉన్న ట్యాంక్ స్పాంజ్ అయితే ఓకే, తడిగా కవర్లో కట్టి గంటలో తెచ్చుకోవాలి.

ఇంకో విషయం, అమోనియా తగ్గడం మొదలయ్యాక పార్టీ చేసుకోకండి, అప్పుడు నైట్రైట్ లేస్తుంది. రెండో రకం బ్యాక్టీరియా ఇంకా లేట్‌గా వస్తుంది కదా. నైట్రైట్ రక్తంలోకి పోతే ఆ రక్తం ఆక్సిజన్ మొయ్యలేదు, చాక్లెట్ రంగుకి తిరుగుతుంది, మొప్పలు కూడా గోధుమరంగులోకి వస్తాయి, నీళ్ళలో ఎంత గాలి ఉన్నా చేప ఊపిరాడనట్టే కొట్టుకుంటుంది. దీనికి మన వంటింటి మందు ఉప్పు. ఉప్పులో క్లోరైడ్ మొప్పల దగ్గర నైట్రైట్‌కి అడ్డం పడుతుంది. మీ 130 లీటర్లకి 13 గ్రాములు, అంటే తలకొట్టు టీస్పూన్లు రెండు, రాళ్ళుప్పు ఒక మగ్గులో కరిగించి మెల్లగా పొయ్యండి. పది లీటర్లకి గ్రాము లెక్క, దాంతో ఇంచుమించు 60 పీపీఎం క్లోరైడ్ వస్తుంది, ఈపాటి నైట్రైట్‌కి అది చాలు. గుప్పెళ్ళు గుప్పెళ్ళు వెయ్యకండి, మాలీలు తట్టుకుంటాయి కానీ కోరీలు ఒప్పుకోవు. ఉప్పు ఆవిరైపోదు కాబట్టి నీళ్ళు మార్చినప్పుడు ఎంత నీరు తీసారో అంతకి సరిపడా మాత్రమే మళ్ళీ వెయ్యాలి.

వేళచ్చేరి_కాపురం:
రాత్రి పదకొండింటికి సగం మార్చా, నడుం పోయింది. మా అమ్మే బకెట్లు అందించింది. పొద్దున ఏంజెల్స్ కిందకి దిగాయి. అమోనియా 0.25. ప్రైమ్ అని క్లోరిన్ తీసే మందు ఉంది కదా, అది వేస్తే అమోనియా విషం కూడా పోతుందంటారు, తెప్పించనా?

పెరంబూర్_పాతకాపు:
క్లోరిన్, క్లోరమైన్ తియ్యడానికి అది మంచి మందే, తెప్పించుకో. అమోనియా సంగతి బాటిల్ మీద రాసి ఉంటుంది, దాని మీద జనం కొట్టుకుంటూనే ఉంటారు. నేను మాత్రం బకెట్‌నే నమ్ముతా.

వేళచ్చేరి_కాపురం:
చాలా రోజులకి అప్‌డేట్. మొదటి వారం రోజూ మూడో వంతు మార్చా, అమోనియా 0.25 నుంచి 0.5 మధ్యే ఆడింది. ఎనిమిదో రోజు 0.25 కన్నా తక్కువ, తొమ్మిదో రోజు జీరో. అక్క చెప్పినట్టే ఏడో రోజు నుంచి నైట్రైట్ ఊదారంగు చూపించింది, ఒకరోజు 1 దాకా పోయింది, ఆరోజు రెండుసార్లు మార్చా, ఉప్పు వేసే ఉంచా. పద్నాలుగో రోజు నైట్రైట్ కూడా నీలం. ఆ తర్వాత మేత మెల్లగా పెంచుకుంటూ వచ్చా, ఇవాళ 19వ రోజు, మామూలు మేత, రెండూ జీరో, నైట్రేట్ 30. ఒక మాలీ పోయింది, మూడో రోజు, అది అంతకుముందు నుంచే సన్నబడుతోంది కాబట్టి దీనివల్లే పోయిందా అంటే చెప్పలేను. మిగతా అందరూ ఉన్నారు.

నిన్న పాత ఫిల్టర్ ఓఎల్ఎక్స్‌లో పెడదామని విప్పితే మోటార్ లోపల ఇంపెల్లర్ (నీళ్ళు తోసే చిన్న ఫ్యాన్ రెక్క) పక్కన పెసరగింజంత గులకరాయి ఇరుక్కుని ఉంది. తీసి నడిపితే చప్పుడే లేదు. మా అమ్మ చూసి, ఈ రాయి కోసమా అంత డబ్బు తగలేసావ్ అంది.

కోరీ_అక్క:
అమ్మొద్దండి దాన్ని! ట్యాంక్‌కి తగిలించి నడుపుతూ ఉంచండి, స్పేర్‌గా పనికొస్తుంది, చప్పుడు ఎలాగూ లేదు కదా. నైట్రేట్ 30 అంటే ఈ వారం ఒకసారి మూడో వంతు మార్చేయండి, 40 దాటనివ్వకండి. కెనిస్టర్ మాత్రం ఇంకో రెండు నెలలు విప్పొద్దు, విప్పినా ఒక్కో ట్రే ఒక్కోసారి, అదీ ట్యాంక్ నీళ్ళతోనే.

పెరంబూర్_పాతకాపు:
ఆ, ఇంకోటి. కరెంట్ నాలుగైదు గంటలు మించి పోతే కెనిస్టర్ విప్పి లోపలి నీళ్ళు పారబోసాకే ఆన్ చెయ్యి. మిచాంగ్ నాడు నాకు చెప్పేవాళ్ళు లేరు.

వేళచ్చేరి_కాపురం:
సరే అన్నా. పాతది తగిలించేసా. దాని పక్కన ఒక చీటీ కూడా అంటించా, "అమ్మా, ఇది కడగొద్దు" అని.

పులుసు_బ్యాచ్:
చీటీ లామినేషన్ చేయించు, తడిగుడ్డతో అది కూడా తుడిచేస్తది.